కార్మెల్ కొండ మీద పెత్రమాస

మొన్న పెత్రమాస నాడు మా క్వార్టర్ ముందు గోడ మీద విస్తరి వేసి, అన్నం, బెండకాయ పులుసు, ఒక గుప్పెడు ఉడికించిన శెనగ గుడాలు పెట్టి, కాకి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. మన ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ రోజు పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, పిట్టకు పెట్టి, అది ముట్టిన తరవాతే ఇంట్లో ఎవరైనా నోట్లో ముద్ద పెట్టుకునేవాళ్ళం. ఈ సెంటినరీ కాలనీలో ఒకప్పుడు వాకిట్లో వడియాలు ఎండబెట్టుకోవాలంటే ఒక మనిషి కర్ర పట్టుకుని కాపలా కూర్చోవలసి వచ్చేది, అన్ని కాకులుండేవి. ఇప్పుడు పొద్దు నడినెత్తికి వచ్చినా రెక్క చప్పుడు లేదు. ఎదురు క్వార్టర్‌లో ఉండే ఆమె బట్టలు ఆరేయడానికి బయటికొచ్చి నన్ను చూసి నవ్వింది.

"ఇంకెంతసేపు నిలబడ్తవ్ అవ్వా, కాకులు యాడున్నయి గిప్పుడు? ఎండ తాకితే నువ్వు వడ్తవ్, లోపలికి పో," అంది.

లోపల టీవీ మోగుతూనే ఉంది. మా మరిది కొడుకు ఓపెన్‌కాస్టు గనిలో డ్యూటీకి పోతూ ఆపడం మరిచిపోయాడు, కోడలు పంతులమ్మ, బడికి పోయింది. నేను గోడ దగ్గరే ఉన్నాను గానీ, ఎక్కడో దేశంలో కొండల మీద కాల్పులనీ, అక్కడ డ్రూజులనే తెగవాళ్ళు చిక్కుకుపోయారనీ వార్తలు చదివే పిల్ల నోరు తిరక్క తడబడుతూ చెప్పిన మాట చెవిన పడేసరికి, విస్తరి సంగతి మరిచి లోపలికి పరుగెత్తాను. తెర మీద నల్ల గౌన్ల ఆడవాళ్ళు, తల మీంచి గడ్డం దాకా తెల్లటి గుడ్డ చుట్టుకుని, పిల్లల్ని రెక్కపట్టుకుని నడిచిపోతున్నారు. ఆ పిల్లల్లో ఒక ఆడపిల్ల ముఖం కోసం వెతికాను. ఏ పిల్లో నాకే తెలియదు, చూసినా గుర్తుపట్టలేను. అయినా ఎందుకు వెతికానో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

మా ఆయన గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగేవారు. నాగలి వదిలిపెట్టి బాయిలో పనికి వచ్చిన మొదటి తరంవాళ్ళ కొడుకు, మాట తక్కువ మనిషి. షిఫ్టు దిగి వచ్చాక ఎంత తోమి కడిగినా రెప్పల అంచున కాటుకలాగా కొంత బొగ్గు మిగిలేది, ఆ కళ్ళతో నన్ను చూసి కొంచెం నవ్వేవారు, అదే మా ముచ్చట. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. 'ఏమే' అన్నా నేనే, 'ఇగో' అన్నా నేనే. ఆ కాలంలో మన ఆడవాళ్ళ పేర్లు దవాఖాన చీటీ మీద తప్ప ఎక్కడ వినపడ్డాయి గనక! పెళ్ళయ్యాక కోడలినయ్యాను, వదినెనయ్యాను, అక్కనయ్యాను, పిల్లలు పుట్టలేదు కాబట్టి ఎవరి అమ్మనూ కాలేదు. దానికి ఆయన నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు, అదే నన్ను తరవాత ఎక్కువ కాల్చింది.

ఒకనాడు మొదటి షిఫ్టు దిగి వచ్చి, గుడాలు ఉడికించమని చెప్పి, నేను తాలింపు వేసి పళ్ళెంలో పెట్టే లోపల, చేతులు కడుక్కునే గోలెం దగ్గరే కూలబడిపోయారు. గుండె ఆగిందన్నారు డాక్టరు. మూడో రోజు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టడానికి పోయాం. ఆయనకు ఇష్టమైనవన్నీ ఉన్నాయి విస్తరిలో, గుడాలు కూడా. అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. చెట్టు నిండా కాకులున్నాయి, ఒక్కటీ దిగలేదు. అప్పుడు మనవాళ్ళేం చేస్తారో తెలుసు కదా, పోయినవాళ్ళ మనసులో చిక్కుకున్న కోరిక ఏదో వెతుక్కుంటూ ఒక్కొక్కరే మాట ఇస్తారు. చెల్లె పెళ్ళి ఘనంగా చేస్తామన్నారు ఒకరు. ముసలి తల్లిని కంటికి రెప్పలా చూసుకుంటామన్నారు ఇంకొకరు. తమ్ముణ్ణి బాయిలో పెట్టిస్తామన్నారు. ప్రతి మాటకూ అందరం చెట్టు వైపు చూశాం. ఎండ ఎక్కింది, కాకులు అటూ ఇటూ కొమ్మలు మారాయి తప్ప దిగలేదు.

"పిల్లల్లేకపాయె గదా, గదే మనసుల పెట్టుకొని పోయిండు కావచ్చు పిలగాడు," అంది మా అత్తమ్మ చెల్లెలు, మెల్లగా అన్నాననుకుని.

చివరికి విస్తరిని గోదావరిలో వదిలి వచ్చాం. అందరూ ఏదో ఒక మాట ఇచ్చారు, నేను తప్ప. ఏమని ఇవ్వాలో నాకు తెలియలేదు. ఆ మనిషితో అన్నేళ్ళు కాపురం చేసి, ఆయనకేం కావాలో నాకు తెలియదనే సంగతి ఆ ఒడ్డున పదిమంది ముందు తేలిపోయింది. ఆయన ఆత్మ ఆకలితో ఎక్కడో నిలబడి ఉందనే బాధ ఆ రోజు నుంచి నా గుండెలో కూర్చుంది, దాన్ని ఎక్కడికి పోయినా మోసుకుపోయాను. ఎవరితో చెప్పుకోను? చెప్పుకుంటే వాళ్ళూ ఆ పిన్నత్త మాటే అంటారని భయం.

ఆయన ఉద్యోగం మరిదికి ఇప్పించారు, అది న్యాయమే. నేను ఒక దవాఖానలో ఆయాగా చేరాను. మన కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి చాలామంది ఇజ్రాయిల్‌లో ముసలివాళ్ళను చూసుకునే పనికి పోయేవారు, ఆ దవాఖాన నర్సమ్మ చుట్టం ఒకామె అట్లా పోయి నన్నూ రమ్మంది. పోతే అడిగేవాళ్ళు లేరు, ఉంటే చూసేవాళ్ళు లేరు, సరే అన్నాను. పోయేనాడు పక్కింటి ఖాలా ఒక్కతే బస్సు దాకా వచ్చింది. ఆమె భర్త లారీ మెకానిక్కు. నా చేతిలో ఇంత సోంపు పొట్లం పెట్టి, "ఫికర్ నక్కో కర్ బేటీ, దిగులుపడకు, ఎక్కడ ఉన్నా పైన ఉన్నోడు ఒక్కడే," అని కళ్ళు తుడుచుకుంది. ఆ ఖాలా దగ్గర నేర్చుకున్న నాలుగు ఉర్దూ మాటలే నాకు అక్కడ అరబ్బీ నేర్చుకోవడానికి మెట్లయ్యాయి, ఆమెకు ఆ సంగతి చెప్పే భాగ్యం మాత్రం దక్కలేదు, నేను తిరిగి వచ్చేసరికి వాళ్ళిల్లే లేదు.

సముద్రం ఒడ్డున హైఫా అనే పట్నం, దాని వెనక కార్మెల్ కొండ, ఆ కొండ నెత్తిన డ్రూజుల ఊరు. నన్ను పెట్టుకున్న ముసలమ్మకు మోకాళ్ళు పోయి, తరవాత ఎడమ చెయ్యి కూడా పడిపోయింది. ఇంట్లో పిల్లలంతా ఆమెను 'సిత్తీ' అనేవారు, అంటే నానమ్మ. నేనూ అదే పిలుపు పట్టుకున్నాను. నల్ల గౌను, తల మీద సన్నటి తెల్లగుడ్డ, ఇంట్లో ఎవరూ లేకపోయినా ఆ గుడ్డ జారనిచ్చేది కాదు. ఆమె మాట పెళుసు. నేను చేసిన మొదటి రొట్టెను వేళ్ళతో ఎత్తి చూసి, ఇది కప్పుకోవడానికా తినడానికా అని అడిగింది. మన పెనాన్ని బోర్లిస్తే ఎట్లా ఉంటుందో అట్లాంటి పెనం మీద వాళ్ళు గుడ్డ పలుచన రొట్టె కాలుస్తారు, మన జొన్నరొట్టె తట్టిన చెయ్యికి అది ఒక పట్టాన రాదు. ఆమె అరబ్బీలో అన్నవన్నీ పోనుపోను నా చెవిలో మా అవ్వ మాటల్లాగే పడసాగాయి, కాబట్టి ఇక్కడ అట్లాగే రాస్తున్నాను.

మొట్టమొదట ఆమె నా పేరు అడిగింది. ఎవరి భార్యవు, ఎవరి బిడ్డవు అని కాదు, నీ పేరేంది అని. చెప్పాను. మధ్యలో ఒక అక్షరం ఆమె నోటికి రాదు, దాన్ని మింగేసి, మిగిలినదాన్ని సాగదీసి పిలిచేది. పొద్దున్నే లేస్తూ నా పేరు, కాఫీకి నా పేరు, కాలు తిమ్మిరెక్కితే నా పేరు. జీవితంలో మొదటిసారి ఒక ఇంట్లో రోజంతా నా పేరు వినపడింది. మొదట్లో ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి చూసేదాన్ని.

గురువారం సాయంత్రం ఆమెను చక్రాల కుర్చీలో వాళ్ళ ప్రార్థన ఇంటికి తీసుకుపోయేదాన్ని. ఖల్వా అంటారు. గోపురం లేదు, బొమ్మ లేదు, గంట లేదు, ఉత్త రాతి గోడల గది, లోపల చాపలు, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ నడుమ ఒక తెర. గడప దాకే నా పని, అక్కడి నుంచి ఇంకో తెల్లగుడ్డ ఆమె వచ్చి కుర్చీ అందుకునేది. నేను బయట రాతి అరుగు మీద కూర్చునేదాన్ని. విచిత్రమేమిటంటే సిత్తి చిన్న కొడుకు కూడా నా పక్కనే కూర్చునేవాడు. అతను ఆ ఊరి నుంచి పట్నానికి మినీబస్సు నడిపేవాడు, డ్రూజు తల్లికి పుట్టిన డ్రూజు, అయినా లోపలికి పోడు. వాళ్ళలో రెండు రకాలట, మతం తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు. మన దగ్గర తిట్టడానికి వాడే జాహిల్ అనే మాటే అక్కడ ఆ తెలియనివాళ్ళకు మామూలు పేరు. తెలిసినవాళ్ళలో చేరాలంటే తాగుడు, పొగ, అబద్ధం, ఆర్భాటం అన్నీ మానాలి, నడత చూసి పెద్దలు ఒప్పుకోవాలి, అప్పుడు గానీ పవిత్ర గ్రంథాలు కంటపడవు. అతనికి సిగరెట్టు మానే ఉద్దేశం లేదు, కాబట్టి బయటే.

అతను సిగరెట్టు కాలుస్తూ తనకు తెలిసినంత చెప్పేవాడు. వెయ్యేళ్ళ కిందట ఈజిప్టులో కైరో నగరంలో ఒక ఖలీఫా కాలంలో వాళ్ళ బోధ మొదలైందట. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదు, వర్ణించబోతే మాట చాలదు, అన్నిటికన్న ముందు నిజం పలకాలి, తోటివాణ్ణి కాపాడుకోవాలి, ఇదీ అందులో సారం. ఆ ఖలీఫా ఒక రాత్రి కొండ వైపు పోయి మళ్ళీ కనిపించలేదట, ఏదో ఒకనాడు తిరిగి వస్తాడని నమ్మకం. ఇంకో తమాషా, డ్రూజులనే పేరు ఎవరి మీదుగా వచ్చిందో ఆ బోధకుణ్ణి వాళ్ళే దారి తప్పినవాడని వెలివేశారు. ఎవరో పెట్టిన పేరు లోకమంతా పిలుస్తుంటే, వాళ్ళు మాత్రం తమను ఏకేశ్వరవాదులనే చెప్పుకుంటారు. తరవాత తరమడం, చంపడం మొదలైతే కొండలు పట్టుకుని, నమ్మకాన్ని కడుపులో దాచుకుని బతికారు. ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, అయిదు రంగుల నక్షత్రం వాళ్ళ గుర్తు. ఆకుపచ్చ బుద్ధికి, ఎరుపు ఆత్మకు, పసుపు మాటకు అని చెప్పి, మిగిలిన రెండూ మా అమ్మను అడుగు, నేను జాహిల్‌ను కదా అని నవ్వేవాడు.

బోధ మొదలైన కొన్నేళ్ళకే తలుపు మూసేశారట. అప్పుడు విని ఒప్పుకున్నవాళ్ళే డ్రూజులు, ఆ తరవాత ఎవరూ చేరడానికి లేదు, విడిచిపోవడానికీ లేదు. మందెక్కువైతే మజ్జిగ పలచనైతుందనుకున్నారేమో అని నేనంటే, ఆ సామెత విడమరిచి చెప్పించుకుని, నిజమే అన్నాడు. అతనూ గడప బయటే, నేనూ గడప బయటే అనుకుని కొన్నాళ్ళు సంతోషపడ్డాను. ఆలోచిస్తే తేడా తెలిసింది. అతను ఏనాడు సిగరెట్టు పారేస్తే ఆనాడు లోపలికి పోగలడు. నేను ఏం పారేసినా పోలేను.

ఇక అసలు సంగతికి వస్తాను. వాళ్ళ నమ్మకంలో చావంటే చొక్కా మార్చుకోవడం. మన కమీజు, వాళ్ళ మాటలోనూ కమీజే. ఒంటిని ఆ మాటతోనే చెబుతారు. ఊపిరి ఆగిన ఆ గడియలోనే ఆత్మ ఎక్కడో పుడుతున్న డ్రూజు శిశువులో చేరుతుంది, మధ్యలో తిరుగుళ్ళు లేవు, ఎదురుచూపులు లేవు. అందుకే సమాధుల మీద పేర్లు చెక్కించుకునే పట్టింపు పాతవాళ్ళకు లేదు, విడిచిన చొక్కాకు పేరెందుకు? కొందరు పిల్లలకు మాటలొచ్చే వయసులో పాత ఇల్లు, పాత మనుషులు గుర్తొచ్చి చెబుతారట. అప్పుడు కన్నవాళ్ళు పిల్లను వెంటబెట్టుకుని పాత ఇల్లు వెతుక్కుంటూ పోతారు, నిజమని తేలితే రెండు కుటుంబాలూ చుట్టాలైపోతాయి.

సిత్తి పెద్దకూతురు పెళ్ళయిన ఏడాదికే జ్వరంతో పోయింది. కొన్నేళ్ళకు గలిలయ వైపు ఒక ఊరి నుంచి ఎవరో మూడేళ్ళ పిల్లను తీసుకొచ్చారు. ఆ పిల్ల వాకిట్లో నిలబడి, మట్టిపొయ్యి అటువైపు కదా ఉండాలి, ఇటెందుకు పెట్టారని అడిగిందట. కూతురు పోయాకే పొయ్యి చోటు మార్చారు. సిత్తి ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా, పొయ్యి మునుపున్న చోటు వేలితో చూపించేది. పండుగ పండుగకూ ఆ పిల్ల వచ్చేదట, ఒళ్ళో కూర్చునేదట, తన పాత దువ్వెన అడిగేదట. బడి పెద్దదయ్యేకొద్దీ జ్ఞాపకం చిన్నదైంది. నేను ఉన్నప్పుడు ఒకసారి వచ్చింది, నడివయసుకు దగ్గరైన ఆమె, ఇద్దరు పిల్లల తల్లి, మిఠాయి డబ్బా తెచ్చి, మర్యాదగా చెయ్యి ముద్దుపెట్టుకుని, కాఫీ తాగి, భర్త కారు హారను కొట్టగానే లేచింది. సిత్తి ఆమె వెళ్ళిన గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది.

"సచ్చిపోయిందని ఏడుద్దామంటే బతికే ఉన్నది. బతికున్నది గదా అని పట్టుకుందామంటే వేరే తల్లి ఉన్నది. నేనేం చెయ్యాలె, చెప్పు," అంది.

ఆమె గుడ్డ సర్దినట్టు నటించి తల మీద చెయ్యి వేసి ఉంచాను.

ఆ ఏడు పెత్రమాస ఎప్పుడో ఇంటికి ఫోను చేసి కనుక్కుని, మేడ పిట్టగోడ మీద ఆయన పేరిట పెట్టాను. కొండంతా శెనగలే, గుడాలకు కొదవ లేదు. తాలింపులోకి కరివేపాకు మాత్రం లేదు. నిలబడి దండం పెట్టి, ఇక్కడన్నా వచ్చి ముట్టమని మనసులో బతిమాలుకుంటున్నాను, కిటికీలోంచి సిత్తి నా పేరు కేక వేసింది, ఆ గోడ మీద ఎవరికి వడ్డిస్తున్నావని. వచ్చీరాని మాటల్లో మొత్తం చెప్పాను. గోదావరి ఒడ్డు, దిగని కాకులు, ఇచ్చిన మాటలు, పిన్నత్త అన్న మాట కూడా. అన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది పరాయి దేశంలో పరాయి భాషలో చెప్పేశాను. ఆమె మొదట నవ్వింది, నా ముఖం చూసి నవ్వు ఆపింది.

"పిచ్చిదానా, పోయినోడు ఆకలితోని ఎందుకుంటడు? ఊపిరి ఆగిన గడియల్నే ఎవల ఒళ్ళోనో పడ్డడు, పాలు తాగిండు. గిప్పుడు బడికి పోతుండొచ్చు, గోలీలాడుతుండొచ్చు. నీ శెనగలు వానికెందుకు?"

ఆ మాట వినగానే ఏళ్ళ తరబడి గుండెలో కూర్చున్నది లేచి పోయింది. అబద్ధమెందుకు, పోయిన వెంటనే ఆ చోటు ఖాళీ అయి ఇంకో బాధ వచ్చి కూర్చుంది. ఆకలి లేదు సరే, గోలీలాడుతున్నాడు సరే, మరి నేను గుర్తున్నానా? మన దగ్గర పిల్లవాడెవరైనా అట్లా చెప్పినా, ఒక దెబ్బ వేసి పడుకోబెడతారు గానీ ఎవరు తీసుకొస్తారు నా దగ్గరికి? ఇంతలో మెడ దాకా నల్లగా, ఒళ్ళంతా బూడిద రంగుగా ఉండే ఆ దేశపు కాకి ఒకటి దిగి, గుడాలన్నీ ముక్కుతో ఏరుకుని తినేసింది. నేను సిత్తి వైపు చూశాను, దీనికేమంటావన్నట్టు.

"దానికి ఆకలైంది, తిన్నది," అంది ఆమె.

ఆ తరవాత మేమిద్దరం యజమానురాలూ పనిమనిషీ కాకుండా పోయాం. ఒక చలికాలం మధ్యాహ్నం ఆమె జుట్టు దువ్వుతూ, నేను చచ్చిపోతే ఈ కొండ మీద పుట్టవచ్చునా అని అడిగాను. తమాషాగా అడిగినట్టే అడిగాను, గొంతు మాత్రం తమాషాగా రాలేదు. అబద్ధం చెప్పకూడదనేది వాళ్ళకు మొదటి నియమం, నా మనసు కష్టపెట్టడమూ ఆమెకు ఇష్టం లేదు, నడుమ నలిగిపోయింది పాపం.

"ఆ తలుపు నేను మూసింది కాదు బిడ్డా, నేను తెరువలేను," అంది చివరికి. తరవాత నా చెయ్యి పట్టుకుని, "కానీ నేను మళ్ళ పుడ్త గద. నోటికి మాటలొచ్చిన నాడు నీ పేరు చెప్త. వాళ్ళే నిన్ను ఎతుక్కుంట వస్తరు," అంది.

గోదావరి ఒడ్డున చనిపోయినవాడికి బతికున్నవాళ్ళు మాటలు ఇచ్చారు. నాకు మాత్రం బతికుండగానే పోబోయే మనిషి మాట ఇచ్చింది.

ఆ చలికాలం దాటకుండానే ఒక తెల్లవారి, కాఫీ సగం తాగి, ఆమె వెళ్ళిపోయింది. ఇల్లంతా తెల్లగుడ్డలతో నిండింది. అందరూ గోడల వెంట కూర్చుని పెదవులు కదుపుతూ ప్రార్థిస్తున్నారు, ఎవరూ గొంతెత్తడం లేదు. నాకు మన పద్ధతి తప్ప ఇంకోటి తెలియదు. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి శోకం తీశాను, నన్ను ఎవల చేతుల పెట్టి పోతివే సిత్తీ అని, రాగం తీసి, గుండె బాదుకుని, మన ఊళ్ళో వాడకట్టంతా వినేటట్టు. నా గొంతు ఆ గది గోడలకు తగిలి తిరిగి నాకే వినపడింది. అందరూ నా వైపు చూశారు. సిత్తి కోడలు వచ్చి, కోప్పడకుండా, నడుం చుట్టూ చెయ్యి వేసి వంటింట్లోకి తీసుకుపోయి, ఇప్పుడామె ఎక్కడో పసిపిల్లగా ఏడుస్తోంది, కొత్త తల్లి ఊరుకోబెడుతోంది, నువ్వు వెనక్కి పిలవకు అంది. నోట్లో కొంగు కుక్కుకుని ఊరుకున్నాను.

మూడో రోజు మేడ గోడ మీద ఆమెకిష్టమైన పెరుగు గడ్డ, రొట్టె ముక్క పెట్టాను. అవసరం లేదని తెలుసు, అయినా చేతులు ఊరుకోలేదు. కోడలు చూసింది. ఇదేమిటని అడగలేదు, లోపలికి పోయి ఒక చిన్న కప్పు కాఫీ తెచ్చి రొట్టె పక్కన పెట్టి, నాతో పాటు కాసేపు నిలబడింది.

నేను ఇంటికి తిరిగి వచ్చాక సిత్తి కోడలు పండుగలకు ఫోను చేసేది. క్షేమ సమాచారాలన్నీ అయ్యాక నేను చుట్టు తిప్పి అడిగేదాన్ని, ఆ చుట్టుపక్కల ఏ పిల్లైనా మాట్లాడిందా అని. లేదు అనేది. పిల్లకు మాటలొచ్చే వయసు వచ్చిందని నేను లెక్కపెట్టుకుంటున్నట్టు ఆమెకూ తెలుసు. ఒకసారి జాలిపడి చెప్పింది, అన్ని ఆత్మలూ ఇదే కొండ మీద పుట్టాలని లేదు, సరిహద్దు అవతలి కొండల్లోనూ మావాళ్ళున్నారు, అక్కడ పుట్టి ఉంటే పిల్ల చెప్పినా ఆ మాట ఇక్కడికి రాదు అని. ఆ తరవాత ఎప్పుడో ఆ ఫోను నంబరు కూడా పలకడం మానేసింది. మొన్న టీవీలో చూపించింది ఆ అవతలి కొండల్నే.

అందుకే వెతికాను. ఆ పిల్ల ఇప్పటికి మాటలు దాటి బడి వయసుకు వచ్చి ఉంటుంది, జ్ఞాపకాలు జారిపోయే వయసు. ఎప్పుడో ఒకనాడు ఏ మట్టిపొయ్యి దగ్గరో నిలబడి నా పేరు అని ఉంటుందా? ఆ దేశంలో ఎవరికీ లేని ఆ పేరు విని, పిల్ల ఏదో వాగుతోందని తల్లి నవ్వి ఊరుకుందా? లేక తుపాకుల చప్పుడులో అసలు వినపడలేదా? ఇది నిజమని నేను నమ్ముతున్నానా అని మీరడగవచ్చు. నాకు తెలియదు. కాకి ముడితేనే ఆత్మ శాంతిస్తుందని నమ్మిన మనిషిని, ఇంకో నమ్మకానికి చోటివ్వలేనా?

ఇక్కడ మాత్రం ఏం మిగిలింది గనక! మా ఆయన దిగిన బాయి మూతపడింది. ఊళ్ళు తవ్వి ఓపెన్‌కాస్టులు చేశారు, చెట్లు పోయాయి, చెట్ల వెంట పిట్టలు పోయాయి. మా వరసలో సగం క్వార్టర్లకు తాళాలున్నాయి. మునుపు పెత్రమాస నాడు ఏ గోడ చూసినా విస్తరి ఉండేది, ఇప్పుడు ముసలివాళ్ళు ఒకరిద్దరు తప్ప ఎవరికీ ఆ ధ్యాస లేదు, ఉన్నా పిట్ట లేదు. రేపు నేను పోతే గోడ మీద పెట్టేవాళ్ళు ఉండరు, మరిది కొడుకు మంచివాడే, డ్యూటీ ఉంటుంది. వాడకట్టులో పిల్లలకు నేను ఇజ్రాయిల్ అవ్వను. అసలు పేరు చివరిసారి ఎవరు పలికారో తలుచుకుంటే, ఆ చలికాలం తెల్లవారి కాఫీ కప్పు చేతిలో పట్టుకున్న సిత్తే.

టీవీ ఆపేసి మళ్ళీ గోడ దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. విస్తరి అట్లాగే ఉంది, చీమలు పట్టాయి. పండుగ మొదటి రోజు కదా, ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకుని ఆడవాళ్ళు వీధిలో పోతున్నారు. వాళ్ళు మలుపు తిరిగాక, చుట్టూ ఎవరూ లేరు కదా అని నా పేరును ఒకసారి పైకి అన్నాను, సిత్తి పిలిచినట్టే మధ్యలో అక్షరం మింగేసి, చివర సాగదీసి. బాగుందనిపించి ఇంకొంచెం గట్టిగా అన్నాను. ఎదురు క్వార్టర్ ఆమె బతుకమ్మ పళ్ళెంతో గుమ్మం దిగుతూ ఆగింది.

"ఎవల్ని పిలుస్తున్నవ్ అవ్వా? గా పేరు గలామె మన లైన్ల ఎవల్లేరు గదా," అంది.

"ఎవల్ని లేదు బిడ్డా," అన్నాను, "కాకినే."